ఎలియోన్ వెనుదిరగలేదు

చిత్రకళా చరిత్ర పుస్తకాలలో ఒక మెట్లవరుస ఉంటుంది. అట్టడుగు మెట్టు మీద చెట్టు చెట్టులాగే కనిపిస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ ఆకులు రాలిపోతాయి, కొమ్మలు వంపులవుతాయి, వంపులు గీతలవుతాయి. చివరి మెట్టు మీద నిలువుగీత, అడ్డగీత, ఎరుపు, నీలం, పసుపు మాత్రమే మిగులుతాయి. పీట్ మోండ్రియన్ 1908 మొదలు 1912 వరకు వేసిన చెట్ల చిత్రాలు ఈ మెట్లవరుసకు పెట్టింది పేరు. వాటిని వరసగా అచ్చువేసి, చూశారా, కళ ఎలా పరిణతి చెందిందో అని మనకు పాఠం చెబుతారు. ఆ పాఠంలో అబద్ధమేమీ లేదు. మోండ్రియన్ నిజంగా ఆ దారినే నడిచాడు. నా తగవల్లా ఆ మెట్ల పక్కన ఎవరో తగిలించిపోయిన పలకతో. 'ఇవి ఎక్కడానికి మాత్రమే' అని రాసి ఉంటుంది దాని మీద.

పై మెట్టు మీద పేరుప్రతిష్ఠలు సంపాదించుకున్న చిత్రకారుడు ఒకనాడు అక్కడినుంచి కదిలి, మనిషి ముఖాన్నీ, రొట్టెముక్కనూ, గొడుగునూ గీయడం మొదలుపెడితే ఆ పుస్తకాలకు ఏం చెయ్యాలో పాలుపోదు. 'వెనుదిరిగాడు', 'లొంగిపోయాడు', 'అలిసిపోయాడు' అన్న మూడు మాటల్లో ఏదో ఒకటి అతని పేరు పక్కన చేర్చి తర్వాతి పేజీకి వెళ్ళిపోతాయి. చాలాసార్లు ఆ ఒక్క మాట కూడా ఉండదు. అతని జీవితంలో సగం, అంటే దిగివచ్చిన తరువాతి సగం, చరిత్రలో కనబడకుండా పోతుంది.

అలా సగం జీవితం కోల్పోయినవాడు ఫ్రెంచి చిత్రకారుడు ఝాన్ ఎలియోన్ (1904-1987). ఈయన గురించి తెలుగులో చదివిన గుర్తు నాకు లేదు. ఈ టపా ఆయన జీవిత సంగ్రహం కాదు. ఆయన మీద మోపిన అభియోగాలను ఒక్కొక్కటిగా విచారించి, అవి నిలవవని చూపించడమే నా ఉద్దేశం.

ముందు ఎలియోన్ ఎక్కడిదాకా ఎక్కాడో చెప్పాలి. లేకపోతే దిగడం విలువ తెలియదు.

నార్మండీలో పుట్టాడు. కొంతకాలం రసాయనశాస్త్రం చదివి, అది విడిచిపెట్టి, 1921లో పారిస్ చేరి ఒక వాస్తుశిల్పి దగ్గర నక్షాలు గీసే పనిలో కుదిరాడు. 1926లో ఉరుగ్వే చిత్రకారుడు టోరెస్ గార్సియాతో పరిచయం అతనికి ఆధునిక కళ తలుపులు తెరిచింది. 1930 నాటికి థియో వాన్ డూస్బర్గ్‌తో కలిసి 'ఆర్ కాంక్రే' అన్న పత్రికను వెలువరించాడు. వెలువడింది ఒక్క సంచికే గాని, అందులోని ప్రణాళిక నైరూప్య చిత్రకళకు దొరికిన కఠినాతికఠినమైన శాసనాలలో ఒకటి. ప్రకృతి నుంచి ఏదీ తీసుకోరాదు, భావుకత్వం పనికిరాదు, చిత్రం మొత్తం కుంచె పట్టకముందే మనసులో సిద్ధమై ఉండాలి అన్నది దాని సారాంశం. దాని కింద సంతకం చేసిన అయిదుగురిలో ఎలియోన్ ఒకడు. అప్పటికతను ఇంకా ఇరవైలలోనే ఉన్నాడు.

1931లో 'అబ్‌స్ట్రాక్షన్-క్రియేషన్' అన్న బృందం ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపకులలోనూ ఎలియోన్ ఉన్నాడు. యూరప్ నలుమూలల నైరూప్య చిత్రకారులకు అది కూడలి. అమెరికాలో గాలటిన్ అనే సంగ్రహకర్త న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో నడిపిన ఆధునిక కళాసంగ్రహానికి సలహాలిచ్చినవాడూ ఇతనే. ఆ దేశపు యువ నైరూప్య చిత్రకారులకు పారిస్ నుంచి వచ్చిన దూత వంటివాడు. 1936లో అమెరికాకే తరలివెళ్ళి వర్జీనియా రాష్ట్రంలో స్థిరపడ్డాడు. ముప్పయ్యేళ్ళు దాటీదాటకముందే ఒక చిత్రకారుడికి ఇంతకంటే ఏం కావాలి? ఆ శైలిలోనే మరో నలభై ఏళ్ళు హాయిగా బొమ్మలు వేసుకుని, ప్రతి మ్యూజియంలోనూ ఒక గోడ సంపాదించుకుని ఉండవచ్చు. ఆ అవకాశాన్ని తన చేతులతో తానే తోసేశాడు.

ఇక మొదటి అభియోగం. యుద్ధం అతన్ని భయపెట్టింది, ఖైదులో పడ్డ కష్టాలు అతన్ని మామూలు ప్రపంచంలోకి ఈడ్చుకొచ్చాయి అంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది ఈ కథ. ఎలియోన్ జీవితం కూడా దానికి కావలసినంత ముడిసరుకు అందిస్తుంది. అమెరికాలో నిశ్చింతగా ఉన్నవాడు 1940 జనవరిలో ఫ్రాన్సు తిరిగివెళ్ళి సైన్యంలో చేరాడు. ఆ జూన్‌లోనే జర్మన్లకు చిక్కాడు. పొమరేనియాలో పొలం పనులు చేయించారు. తరువాత స్టెట్టిన్ రేవులో ఖైదీలను కుక్కిన ఒక ఓడలో ఉంచారు. 1942 ఫిబ్రవరిలో దొంగకాగితాలతో తప్పించుకుని, పారిస్, మార్సెయ్ మీదుగా మళ్ళీ అమెరికా చేరాడు. ఆ అనుభవాలతో ఇంగ్లీషులో రాసిన పుస్తకం 1943లో అచ్చయి విరివిగా అమ్ముడుపోయింది. చెరసాల నుంచి వచ్చినవాడికి గీతల మీద విరక్తి పుట్టి మనుషుల మీద మమకారం కలిగిందంటే ఎవరు కాదంటారు?

కాలం కాదంటుంది. ఎలియోన్ నైరూప్యానికి పలికిన వీడ్కోలుగా అందరూ ఒప్పుకునే 'పడిపోయిన ఆకృతి' 1939 నాటిది. టోపీలు పెట్టుకున్న మగవారి ముఖాలు, ఎమీల్, షార్ల్, ఎదువార్ అని మామూలు పేర్లు తగిలించిన ముఖాలు, 1939 నాటివి. వీధిలో సైకిలు మీద పోతున్న మనిషిని చూపే పెద్ద చిత్రం కూడా 1939దే. ఇవన్నీ అతను సైన్యంలో చేరకముందు, ముళ్ళకంచె కళ్ళబడకముందు, వర్జీనియా కాలంలోనే రూపుదిద్దుకున్నాయి. యుద్ధమేఘాల నీడ వాటి మీద పడలేదని నేననను. ఆ ఏడు యూరప్‌ను తలుచుకునే ఏ మనిషి మీద పడలేదు? కాని ఖైదు అతన్ని మార్చిందన్న కథ మటుకు తేదీల ముందు నిలబడదు. మార్పు ముందు, ఖైదు తరువాత. చెరలో ఉన్న ఇరవై నెలలు అతని నిర్ణయాన్ని గట్టిపరిచి ఉండవచ్చు. ఆ నిర్ణయాన్ని పుట్టించలేదు.

మరి అది ఎక్కడ పుట్టింది? ఈ ప్రశ్నకు జవాబు కోసం అతని జీవిత చరిత్ర తిరగెయ్యనక్కరలేదు. చిత్రాలను తేదీల వరసలో పెట్టుకుని చూస్తే చాలు. నేను వాటిలో ఎక్కువభాగం అచ్చులోనూ తెర మీదా చూసినవాణ్ణే. అయినా ఆ మాత్రం చూపుకు కూడా ఒక విషయం దాగదు. 1930 నాటి చిత్రాల్లో సూటి గీతలు, సమతలాలు, లంబకోణాలు. ఒకటి రెండేళ్ళలో గీత కొద్దిగా వంగుతుంది. 1933-34 నాటి 'సమతౌల్యం' వరసలో ఆకారాలు గాలిలో వేలాడుతూ ఒకదాన్నొకటి తూచుకుంటాయి. వాటి అంచులకు నీడలు చేరి, రేకులా ఉన్నవి గుండ్రదనం సంతరించుకుంటాయి. 1935 తరువాత అవి నిటారుగా నిలబడతాయి. వాటికి అతను పెట్టిన పేరే 'ఆకృతి'. చేతులు లేవు, ముఖం లేదు, అయినా నిలుచున్న మనిషి ఠీవి ఉంది. ఇక 1939లో ఆ నిలబడినది కుప్పకూలుతుంది. దాని పక్కనే ఎమీల్ టోపీ పెట్టుకుని ప్రత్యక్షమవుతాడు.

ఇందులో తెగిన దారం ఎక్కడుంది? గీత వంపయింది, వంపు గుండ్రదనమయింది, గుండ్రదనం దేహమయింది, దేహానికి ముఖం వచ్చింది. మోండ్రియన్ చెట్టు గీతగా మారడానికి ఎంత తర్కం ఉందో, ఎలియోన్ గీత మనిషిగా మారడానికీ అంతే తర్కం ఉంది. మొదటిదాన్ని 'అన్వేషణ' అనీ, రెండవదాన్ని 'పలాయనం' అనీ పిలవడానికి మన దగ్గర ఉన్న ఆధారమేమిటి? పక్కనున్న పలక తప్ప మరేమీ లేదు.

రెండవ అభియోగం దీనికంటే నీచమైనది. జనానికి అర్థమయ్యే బొమ్మలు వేస్తే అమ్ముడుపోతాయి గనుక మారాడు అంటారు. కళాభిరుచి గల ఒక మిత్రుడు నాతో వాదిస్తూ, 'కడుపు నిండా తినాలనుకున్న ప్రతివాడూ చివరికి రూపానికే వస్తాడు' అన్నాడు. ఈ మాట మరెవరి విషయంలోనైనా నిజమేమో గాని, ఎలియోన్ విషయంలో పూర్తిగా తలకిందులు. అతని 1930ల చిత్రాలకే విపణిలో గిరాకీ ఉండేది, ఇప్పటికీ వాటికే ఎక్కువ ఉంది. యుద్ధం తరువాత న్యూయార్క్‌లో కొత్త చిత్రాలను చూసి, పాత అభిమానులు ముఖం తిప్పుకున్నారు. 1946లో పారిస్ తిరిగివెళితే అక్కడ కూడా అదే పరిస్థితి. అప్పటికి నైరూప్యం పారిస్‌లో కొత్త సంప్రదాయమై, ప్రదర్శనశాలలన్నిటినీ ఆక్రమించింది. ఎవరూ అడగని కాలంలో గీతలు గీసి, అందరూ గీతలు కావాలంటున్న కాలంలో గుమ్మడికాయలు వేసినవాణ్ణి అవకాశవాది అనడం కంటే విడ్డూరం ఉంటుందా? లాభం కోసం మారేవాడికి కనీసం గాలి ఎటు వీస్తోందో తెలిసి ఉండాలి గదా.

మూడవ అభియోగం మాత్రం ఆషామాషీగా తోసెయ్యదగినది కాదు. దాన్ని గౌరవంతోనే ఎదుర్కోవాలి. అది రాజకీయమైనది. సోవియట్ యూనియన్ 1934లో సోషలిస్టు వాస్తవికతను అధికార సిద్ధాంతంగా ప్రకటించింది. నాజీలు 1937లో మ్యూనిక్‌లో 'క్షీణకళ' పేరిట ప్రదర్శన పెట్టి ఆధునిక చిత్రాలను అవమానించారు. ఇద్దరు నియంతలూ నైరూప్యాన్ని ద్వేషించారు, ఇద్దరూ కండలు తిరిగిన కార్మికుణ్ణీ, చిరునవ్వు చిందే రైతునూ పోషించారు. అందువల్ల 1945 తరువాత పశ్చిమ దేశాల్లో నైరూప్యం స్వేచ్ఛకు మారుపేరయింది. ఫ్రాన్సులో కమ్యూనిస్టు పార్టీ 1948 నుంచి ఆంద్రే ఫూజెరోన్ వంటివారి వాస్తవిక చిత్రాలను తలకెత్తుకుంది. దానితో మనిషిని గుర్తుపట్టేలా గీసిన ప్రతి చిత్రమూ ఏదో ఒక పార్టీ కార్యాలయం నుంచి వచ్చిందేమోనని శంకించడం మొదలయింది. ఇటువంటి రోజుల్లో రూపాన్ని ఎంచుకోవడమంటే నియంతల పక్షం చేరడమే గదా అన్నది ఆ వాదం.

ఈ వాదంలోని భయం నిజమైనది, ఆ భయానికి కారణమైన మరణాలూ నిజమైనవే. కాని దాని నుంచి తీసిన తీర్మానం తప్పు. నియంత ద్వేషించిన ప్రతిదీ స్వేచ్ఛ కాజాలదు. అతను మెచ్చిన ప్రతిదీ బానిసత్వమూ కాజాలదు. అలా అయితే మన అభిరుచిని నిర్ణయించే అధికారం ఆ నియంత చేతుల్లోనే పెట్టినట్టు, తిరగేసి పెట్టినట్టు. పైగా నాజీల ఓడలో ఖైదీగా ఉండి తప్పించుకొచ్చిన మనిషికి స్వేచ్ఛ పాఠాలు చెప్పడానికి కొంచెం మొహమాటమైనా ఉండాలి. ఎలియోన్ వేసిన మనుషులను చూడండి. వాళ్ళ చేతుల్లో కొడవళ్ళూ లేవు, జెండాలూ లేవు. ఒకడు టోపీ ఎత్తి పలకరిస్తాడు. ఒకడు గొడుగు పట్టుకుని నడుస్తాడు. ఒకడు కాలిబాట మీద పడుకుని నిద్రపోతాడు. దుకాణం అద్దంలో నుంచి సూటు తొడుక్కున్న బొమ్మలు వాణ్ణి చూస్తుంటాయి. ఈ బొమ్మలతో ఏ పార్టీ ఏం చేసుకుంటుంది? ఇటు పార్టీ వాస్తవికులకూ అక్కర్లేక, అటు నైరూప్య పక్షానికీ అక్కర్లేక మిగిలిపోవడమే అతని స్వతంత్రతకు సాక్ష్యం. ఒక దిక్కుకు మాత్రమే నడవనిచ్చే స్వేచ్ఛను స్వేచ్ఛ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఈ నిందలన్నీ ఎలియోన్‌కు తెలియనివి కావు. 1947లో వేసిన ఒక పెద్ద చిత్రానికి అతను 'ఆ రెబూర్' అని పేరు పెట్టాడు. ఎదురుదిశగా, తలకిందులుగా అని దాని అర్థం. ప్రస్తుతం అది పారిస్‌లోని పోంపిదూ కేంద్రం వారి సంగ్రహంలో ఉంది. అందులో ఎడమ పక్కన ఒక నైరూప్య చిత్రం, 1930లలో తాను వేసినవాటి వంటిదే, ఉంటుంది. కుడి పక్కన ఒక నగ్నస్త్రీ తలకిందులుగా ఉంటుంది. నడుమ ఒక మగమనిషి నిలబడి ఉంటాడు. లోకం తన మీద వేసిన నిందను చిత్రానికి పేరుగా పెట్టి, తన గతాన్నీ వర్తమానాన్నీ ఒకే గోడకు చేర్చి, మధ్యలో నిలబడ్డాడు చిత్రకారుడు. తన పాత చిత్రాలంటే సిగ్గుపడేవాడు వాటిని అలా కొత్త చిత్రంలో కూర్చోబెడతాడా? చెరిపేసుకోవాలనుకున్నవాడు అంత శ్రద్ధగా మళ్ళీ గీస్తాడా? ఆ తలకిందుల దేహపు వంపులను ఎడమనున్న ఆకారాల వంపులతో పోల్చి చూడండి. రెండూ ఒకే చేతి దస్తూరి.

వార్తాపత్రిక చదువుతున్న మనుషులను అతను ఆ సంవత్సరాల్లో పదేపదే వేశాడు. వాటిని చూసినప్పుడల్లా నాకు అతని పాత గురువులు గుర్తుకొస్తారు. విప్పిపట్టుకున్న పత్రిక అంటే ఏమిటి? ఒక తెల్లని దీర్ఘచతురస్రం, మధ్యలో ఒక మడత, సన్నని గీతల వరసలు. మోండ్రియన్‌కు తెల్లని దీర్ఘచతురస్రమే లోకం. ఎలియోన్ ఆ చతురస్రాన్ని అలాగే ఉంచి, దాన్ని పట్టుకున్న రెండు చేతులనూ, దాని పైనుంచి కనిపించే టోపీనీ చేర్చాడు. నైరూప్యంలో నేర్చిన వ్యాకరణంతో ఇప్పుడు వాక్యం రాశాడన్నమాట. వ్యాకరణం చదివినవాడు వాక్యం రాస్తే వ్యాకరణానికి ద్రోహం చేశాడంటామా?

ఇంతవరకు చదివి, ఎదుటి శిబిరంవారు చప్పట్లు కొడుతూ ఉంటారని నాకు తెలుసు. నైరూప్యమంతా మోసమనీ, చేతకానివారు కనిపెట్టిన గారడీ అనీ, ఎలియోన్ ఆ మోసాన్ని గ్రహించి బుద్ధి తెచ్చుకున్నాడనీ వారు చెబుతారు. వారి చప్పట్లు కూడా నాకు అక్కర్లేదు. ఎలియోన్ పదేళ్ళ నైరూప్య సాధన లేకపోతే ఆ పత్రిక పాఠకుడు లేడు, ఆ గొడుగు లేదు, ఆ టోపీ లేదు. గుమ్మడికాయను రెండుగా కోసి బల్ల మీద పెట్టినప్పుడు ఆ కోత వంపు అంత బలంగా కనిపించడానికి కారణం 'సమతౌల్యం' చిత్రాలలో అతను ఏళ్ళ తరబడి తూచిన వంపులే. అతణ్ణి పశ్చాత్తాపపడిన దొంగలా ఊరేగించడం, అతణ్ణి ఓడిపోయిన సైనికుడిలా పాతిపెట్టడం, రెండూ ఒకే నేరానికి రెండు ముఖాలు. ఇద్దరికీ కావలసింది సాక్షి, చిత్రకారుడు కాదు.

ఎలియోన్ ఒక్కడే ఇలా మారి ఉంటే ఇదొక విడి మనిషి వింత అని సరిపెట్టుకోవచ్చు. అలా కాదు. అమెరికాలో రిచర్డ్ డీబెన్‌కార్న్ నైరూప్య చిత్రాలతో పేరు తెచ్చుకుని, 1955లో మనుషులనూ, కిటికీలనూ, కాఫీ కప్పులనూ వేయడం మొదలుపెట్టాడు. 1967లో మళ్ళీ నైరూప్యానికి వెళ్ళి 'ఓషన్ పార్క్' చిత్రమాల ప్రారంభించాడు. మెట్లవరుస సిద్ధాంతం ప్రకారం ఇతను ముందు పైకెక్కి, తరువాత దిగజారి, ఆపైన పశ్చాత్తాపంతో మళ్ళీ ఎక్కాడనుకోవాలి. ఆ మూడు దశల చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూసినవారెవరూ అంత మాట అనలేరు. ఫిలిప్ గస్టన్ సంగతి తీసుకోండి. 1970 అక్టోబరులో న్యూయార్క్‌లో ముసుగు మనుషులతో, బూట్లతో, సిగరెట్లతో నిండిన చిత్రాలు ప్రదర్శిస్తే, న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు హిల్టన్ క్రేమర్ వాటిని ఎద్దేవా చేశాడు. చిరకాల మిత్రుడైన సంగీతకర్త మార్టన్ ఫెల్డ్‌మన్‌తో స్నేహం చెడింది. నేడు గస్టన్ కీర్తిలో ఎక్కువభాగం ఆ చిత్రాలదే.

మాలెవిచ్ ఉదాహరణ ఇంకా చిక్కైనది. 1915లో 'నల్ల చతురస్రం' ప్రదర్శించినవాడు 1933లో పాతకాలపు ఇటలీ దుస్తులలో స్వీయచిత్రం వేసుకున్నాడు. అతని మీద రాజ్యం ఒత్తిడి ఉన్నమాట నిజం. 1930లో నిర్బంధానికీ గురయ్యాడు. అక్కడ 'లొంగిపోయాడు' అన్న అనుమానానికి చోటుంది. కాని ఆ చిత్రం మూలన సంతకానికి బదులు చిన్న నల్ల చతురస్రం ఉంది. ఆ చతురస్రం చూసిన తరువాత ఆ అనుమానాన్ని తీర్పుగా మార్చడానికి నా చెయ్యి రాదు. ఇలా ప్రతి ఒక్కరి కారణం వేరు, ప్రతి ఒక్కరి దారి వేరు. అందరికీ కలిపి 'వెనుదిరిగారు' అని ఒకే ముద్ర వేసేవాడికి చిత్రాలు చూసే ఓపిక లేదనే అర్థం.

ఈ రోగం చిత్రకళకే పరిమితం కాదని మనకు తెలియనిది కాదు. తెలుగులో ఛందస్సు విడిచి వచన కవిత రాసినవాడు ముందుకు వెళ్ళినట్టు, వచన కవిత రాసి మళ్ళీ సీసమో కందమో ఎత్తుకున్నవాడు ఛాందసుడైనట్టు తీర్పులు చెప్పే అలవాటు మన సాహిత్య చర్చల్లో ఎంతకాలంగా లేదు? ఎదుటి పక్షంవారు మాత్రం తక్కువ తిన్నారా? పద్యానికి తిరిగొచ్చిన ప్రతివాణ్ణీ బుద్ధి తెచ్చుకున్నవాడిగా లెక్కవేస్తారు. 'మహాప్రస్థానం' రాసిన శ్రీశ్రీయే 'సిరిసిరిమువ్వ' మకుటంతో కందపద్యాలు కూడా రాశారు. ఆయన ఏ రోజు ముందుకు నడిచారో, ఏ రోజు వెనక్కి నడిచారో లెక్కగట్టే పని నాకెవరైనా అప్పగిస్తే మర్యాదగా నిరాకరిస్తాను. అది కందంగా ఎలా ఉంది, గేయంగా ఎలా ఉంది అన్న ప్రశ్నకే విమర్శలో విలువ. ఏ దిక్కు నుంచి వచ్చింది అన్న ప్రశ్న కవాతు చేయించేవారిది.

ఎలియోన్ పట్ల నా అభిమానం గుడ్డిదని ఎవరూ అనుకోకుండా ఒక మాట చెప్పాలి. 1950ల తొలినాళ్ళలో అతను కనిపించిన ప్రతి వస్తువునూ ఎదురుగా పెట్టుకుని, పొల్లుపోకుండా గీసిన కాలం ఒకటుంది. రొట్టెలు, చామంతులు, చిందరవందరగా ఉన్న చిత్రశాల. వాటిలో కొన్ని నాకు బరువుగా, ఊపిరాడనట్టుగా తోస్తాయి. వస్తువును వదలకూడదన్న పట్టుదల చిత్రాన్ని బిగించేసింది. 1960లలో కుంచె మళ్ళీ వదులై, రంగు మళ్ళీ పరిగెత్తేదాకా ఆ బిగింపు పోలేదు. ఇది చిత్రాల మీద విమర్శ, ఎవరైనా చెయ్యవచ్చు, చెయ్యాలి కూడా. ఒక్కొక్క చిత్రం ముందు నిలబడి, ఇది కుదిరింది, ఇది కుదరలేదు అనడం వేరు. నలభై అయిదేళ్ళ పనిని ఒక్క క్రియాపదంతో కొట్టెయ్యడం వేరు.

ఆ కొట్టివేతకు జవాబు అతని చిత్రాలే ఇచ్చాయి. 1967లో దాదాపు తొమ్మిది మీటర్ల పొడవున మూడు భాగాలుగా 'డ్రాగన్' వీధి చిత్రాన్ని వేశాడు. పారిస్‌లోని ఒక వీధి, ఆ వీధిలో జనం, దుకాణాలు, రోజువారీ సందడి. 1969లో, అంతకుముందు ఏడాది మే నెలలో పారిస్ వీధుల్లో తాను చూసిన తిరుగుబాటును మరో మహాచిత్రంగా వేశాడు. ఎదువార్దో అర్రోయో వంటి కొత్త తరం చిత్రకారులు, నైరూప్యపు గుత్తాధిపత్యంతో విసిగినవారు, ఈ పెద్దాయన వైపు తిరిగి చూశారు. అప్పటికి అతని చూపు మందగించసాగింది. 1983 నాటికి కుంచె పట్టలేని స్థితి వచ్చింది. ఆ తరువాత జ్ఞాపకాలను చెప్పి రాయించాడు. 1987లో కన్నుమూశాడు. కళ్ళు పనిచేసినంతకాలం కళ్ళెదుట ఉన్నదాన్ని గీసినవాణ్ణి అలిసిపోయాడనడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

శతజయంతి సందర్భంలో 2004లో పోంపిదూ కేంద్రం అతని సమగ్ర ప్రదర్శన ఏర్పాటు చేసింది. ఇరవై ఏళ్ళకు, 2024లో, పారిస్ ఆధునిక కళా మ్యూజియం మరొకటి ఏర్పాటు చేసింది. ఆ రెండవ ప్రదర్శనకు పెట్టిన పేరు 'లోకపు వచనం' అన్న అర్థం వచ్చేది. ఎంత సరైన పేరు! నైరూప్యంలో ఛందస్సు నేర్చి, వీధిలోకి వచ్చి వచనం రాసినవాడు ఎలియోన్. మన దగ్గర వచనం ముందడుగు అనిపించుకుంటే, అతని దేశంలో అదే వెనకడుగు అనిపించుకుంది. ముందూ వెనకా అన్న మాటలు ఎంత పొల్లు మాటలో తెలియడానికి ఇంతకంటే ఏం కావాలి?

అయినా ఈ గుర్తింపుతో నేను పూర్తిగా తృప్తిపడలేను. ఇప్పటికీ చాలా కళాచరిత్రల్లో ఎలియోన్ అంటే 1930ల ఎలియోనే. వెనిస్‌లోని పెగ్గీ గుగెన్‌హైమ్ సంగ్రహానికి వెళ్ళినవారికి దొరికేది 'సమతౌల్యం' నాటి ఎలియోనే. అవి గొప్ప చిత్రాలే, సందేహం లేదు. కాని పదేళ్ళ పనికి గోడ దక్కి, నలభై అయిదేళ్ళ పని గోదాములో ఉండిపోతే నష్టపోయింది ఎలియోన్ ఒక్కడే కాదు. రేపు ఏదో ఒక చిత్రకారిణో, కవో తనకు పేరు తెచ్చిపెట్టిన శైలి తన చేతిలో ఖాళీ అయిపోయిందని గ్రహించి, దాన్ని వదులుకోవాలా వద్దా అని రాత్రంతా ఆలోచిస్తున్నప్పుడు, ఆ గోదాము తలుపు మూసి ఉండడం ఒక హెచ్చరికగా పనిచేస్తుంది. మారితే నీ గతీ ఇంతే అంటుంది. అందుకే ఆ తలుపు తెరవమని ఇంత గట్టిగా అడుగుతున్నాను.

మీలో చిత్రకళ తెలిసినవారు ఉన్నారు, నాతో విభేదించేవారూ ఉండే ఉంటారు. వారికి నా మనవి ఒక్కటే. 1934 నాటి ఒక 'సమతౌల్యం', 1939 నాటి 'ఎమీల్', 1947 నాటి 'ఆ రెబూర్' ఈ వరసలోనే పక్కపక్కన పెట్టుకుని చూడండి. చూసిన తరువాత కూడా ఈ మనిషి వెనుదిరిగాడనే మీకు తోస్తే, ఎక్కడ, ఏ చిత్రంలో, ఏ గీత దగ్గర తిరిగాడో చూపించండి. దాని మీద ఎంతసేపైనా వాదించుకుందాం.